పాత పోలీసు లైట్ బార్‌ని చెడగొట్టకుండా బాగుచేసుకోవడం ఎలా?

లైట్ బార్ అంటే పోలీసు కార్ల పైకప్పు మీద అడ్డంగా ఉండే దీపాల వరస. నా గ్యారేజీకి వచ్చే పాత లైట్ బార్లలో చాలావాటిని ఎండా వానా కంటే, బాగుచేద్దామని మొదలుపెట్టిన చేతులే ఎక్కువ పాడుచేశాయి. ఒకరు డోమ్ మీద, అంటే దీపాల్ని కప్పే రంగు ప్లాస్టిక్ మూత మీద, టూత్‌పేస్ట్ రుద్దుతారు. ఇంకొకరు కిటికీ అద్దాలు తుడిచే అమ్మోనియా స్ప్రే కొడతారు. మరొకరు ఏళ్ల తరబడి నిక్షేపంలా తిరిగిన మోటారును పీకి పారేసి, అక్కడ ఎల్‌ఈడీ పట్టీ అతికించి "రిస్టోర్ చేశాను" అంటారు. అమెరికాలో పాత పోలీసు కార్లు, ఫైరింజన్లు కొని ముస్తాబు చేసుకోవడం ఎప్పటినుంచో ఉన్న సరదా. ఈమధ్య మనవాళ్లూ ఇందులో దిగుతున్నారు కాబట్టి, ఒకసారి తెలుగులో చెప్పేస్తే మళ్లీ మళ్లీ ఫోన్‌లో చెప్పే పని తప్పుతుందని కూర్చున్నాను.

నేను చెప్పేది తిరిగే లైట్ల సంగతి. తిరగకుండా తళుక్కుతళుక్కుమని మెరిసే జెనాన్ స్ట్రోబ్ బార్ల జోలికి ఇక్కడ పోవడం లేదు. స్విచ్ ఆపేశాక కూడా వాటి పవర్ సప్లైలోని కెపాసిటర్లు వందల వోల్టులు పట్టుకుని కూర్చుంటాయి. ఆ పని తెలియనివాళ్లు ఆ డబ్బా మూత తీయొద్దు. అంతే.

ముందు చేతిలో ఉన్నదేమిటో తెలుసుకోండి

స్క్రూడ్రైవర్ ముట్టుకునే ముందు బార్‌ని తిరగేసి లేబుల్ చూడండి. మోడల్, సిరీస్, వోల్టేజీ దాని మీద ఉంటాయి. ఫొటో తీసి దాచుకోండి. కడిగితే ఆ లేబుల్ ఊడిపోతుంది, ఆ తర్వాత పార్టుల కోసం వెతకడం చీకట్లో తడుముకోవడమే. వోల్టేజీ తప్పకుండా చూడాలి. పోలీసు కార్లవి మామూలుగా 12 వోల్టులవే, కానీ పెద్ద ట్రక్కుల నుంచి వచ్చిన 24 వోల్టుల బార్లు కూడా పైకి అచ్చం అలాగే ఉంటాయి.

ఎక్కువగా కనిపించేవి ఫెడరల్ సిగ్నల్ వాళ్లవి. 1901లో షికాగోలో పుట్టిన కంపెనీ. 1970లలో వచ్చిన వాళ్ల ట్విన్‌సోనిక్ అంటే ఈ సరదా ఉన్నవాళ్లకు ప్రాణం. అటూ ఇటూ తిరిగే లైట్లు, మధ్యలో సైరన్ స్పీకర్. తర్వాత ఏరోడైనిక్, స్ట్రీట్‌హాక్, వెక్టర్ వచ్చాయి. సెయింట్ లూయిస్‌లోని కోడ్ 3 వాళ్ల ఎంఎక్స్ 7000 కూడా బాగానే దొరుకుతుంది. మొదటిసారి చేసేవాళ్లు ట్విన్‌సోనిక్‌తో మొదలుపెట్టొద్దు. దాని డోమ్ పగిలితే మీ పర్సుకూ చిల్లే. మామూలుగా దొరికే బార్ మీద చేతులు తిప్పుకుని అప్పుడు దాని దగ్గరికి రండి.

లోపల ఉండేది రెండు రకాలు. పాతవాటిలో సీల్డ్ బీమ్ ల్యాంపే (గాజు, రిఫ్లెక్టర్, ఫిలమెంట్ అన్నీ ఒకే ముక్కగా ఉండేది) తిరుగుతుంది. తిరిగే ల్యాంపుకి కరెంటు వైరుతో ఇస్తే వైరు మెలిపడిపోతుంది కదా, అందుకని ఇత్తడి లేదా రాగి రింగు (స్లిప్ రింగ్) మీద కార్బన్ బ్రష్ రాసుకుంటూ కరెంటు అందిస్తుంది. తర్వాత వచ్చిన హాలోజన్ బార్లలో బల్బు కదలదు, దాని చుట్టూ రిఫ్లెక్టర్ తిరుగుతుంది. మన ఎర్ర బుగ్గ కార్ల మీద తిరిగినవీ చాలావరకు ఈ రెండో రకమే. 2017 మే 1 నుంచి మంత్రులు, అధికారుల కార్ల మీద ఆ బుగ్గలు తీయించేశారు. మీ ఇంట్లో అటక మీద అలాంటిదొకటి పడి ఉంటే కింద చెప్పేదంతా దానికీ పనికొస్తుంది. బాగుచేసి బల్ల మీద పెట్టుకోండి, కారు మీదికి మాత్రం ఎక్కించకండి.

సామాన్లు

మంచి స్క్రూడ్రైవర్లు, మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, 600 నుంచి 3000 నంబరు వరకు వాటర్ పేపర్లు (నంబరు పెరిగేకొద్దీ నునుపు), ప్లాస్టిక్ పాలిష్, మైక్రోఫైబర్ గుడ్డలు, గిన్నెలు కడిగే లిక్విడ్, రెండు బకెట్లు. పరీక్షించడానికి ఫ్యూజు పెట్టిన కారు బ్యాటరీ. చవక 12 వోల్టుల అడాప్టర్లు దీనికి చాలవు. చల్లగా ఉన్న ఫిలమెంట్ వెలిగే క్షణంలో మామూలుకంటే పది రెట్ల దాకా కరెంటు లాగుతుంది, అడాప్టర్ టక్కున ఆగిపోతుంది. మీరేమో మోటారు పోయిందనుకుంటారు. డ్రిల్లుకి తగిలించే పాలిషింగ్ బఫ్ కొనకండి. ఎందుకో డోమ్ దగ్గర చెబుతాను.

విప్పడం

ఇది తేలిక. ప్రతి మెట్టుకీ ఫొటో, ప్రతి స్క్రూకీ ఒక చిన్న కవరు. అమెరికాలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అల్యూమినియం బేస్‌లో దిగిన స్టీలు స్క్రూలు ఆ ఉప్పుతో కలిసి పట్టేసుకుంటాయి. ముందురోజు రాత్రి, పట్టేసిన స్క్రూల్ని వదిలించే పెనెట్రేటింగ్ ఆయిల్ వేయాలి, కానీ డోమ్ తీయడానికి వీలున్నచోట తీసేశాకే. ఆ నూనె చుక్క ప్లాస్టిక్ మీద పడకూడదు. డోమ్‌ని పట్టి ఉంచిన స్క్రూయే బిగుసుకుపోతే ఆయిల్ లేదు, హీట్ గన్ లేదు. స్క్రూ తలని డ్రిల్లు చేసి తీసేయండి. రెండు రూపాయల స్క్రూ పోయినా పర్వాలేదు.

డోమ్ బయటికి రాగానే సబ్బునీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టి, ఎండ తగలని చోట పెట్టేయండి. దాని సంగతి తర్వాత.

లోపలి అద్దాలు, రిఫ్లెక్టర్ల మీద ఒక్క మాట. హాలోజన్ రిఫ్లెక్టర్ల మెరుపు చాలావరకు ప్లాస్టిక్ మీద ఆవిరి పట్టించిన పల్చటి అల్యూమినియం పొర. వేలితో గట్టిగా తుడిస్తే వేలికే వచ్చేస్తుంది. బ్లోయర్‌తో దుమ్ము ఊదండి, గోరువెచ్చని నీళ్లు పోయండి, ఆరనివ్వండి. తుడవొద్దు.

మోటారు, గేర్లు, స్లిప్ రింగ్

"మోటారు కాలిపోయింది" అని వచ్చేవాటిలో ఎక్కువ శాతం గ్రీజు గట్టిపడి ఆగినవే. తేనెమైనంలా మారిన పాత గ్రీజుని చెక్కపుల్లతో గీకి, గేర్లను సబ్బునీళ్లతో కడగండి. కొత్తగా ప్లాస్టిక్‌కి పనికొచ్చే సిలికాన్ గ్రీజు కాస్త రాయండి. కాస్తే. మోటారు షాఫ్ట్ రెండు చివర్ల దాన్ని పట్టి ఉంచే బుష్‌లకు (చిన్న లోహపు గొట్టాలకు) కుట్టుమిషన్ ఆయిల్ ఒక్కో చుక్క. డబ్బాలో వచ్చే స్ప్రే లూబ్రికెంట్లు మోటారులోకి కొట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ స్ప్రే ఉన్న నూనెని కడిగేసి, తానూ కొద్దిరోజుల్లో ఆరిపోతుంది. ఆ తర్వాత బుష్ ఎండిపోయి కీచుమంటుంది.

నైలాన్ గేరు పన్ను విరిగి ఉంటే అతికించే ప్రయత్నం చేయకండి. ఇప్పుడు త్రీడీ ప్రింటింగ్‌లో చేయించుకోవచ్చు. నైలాన్‌లో చేయించండి, లేకపోతే పీఈటీజీ అనే ప్లాస్టిక్‌లో. ప్రింటింగ్‌లో మామూలుగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్‌లో చేయించిన గేరు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఎండలో నిలబడ్డ కారు పైకప్పు మీద, వెలిగే ల్యాంపుల పక్కన అది నిలవదు.

స్లిప్ రింగ్ మీద నల్లటి చార ఉంటుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే ఇత్తడి బయటపడుతుంది. ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి వదిలేయండి. ఎమెరీ పేపర్ పెడితే రింగు మీద గీతలు పడి, ఆ గీతలు బ్రష్‌ని అరగదీస్తాయి. రింగు మీద గ్రీజు ససేమిరా వద్దు. వెలుగు మినుకు మినుకుమంటోందంటే ముందు బ్రష్ వెనకున్న స్ప్రింగ్ చూడండి, అది బలం పోయి ఉంటుంది. బ్రష్ అరిగితే అచ్చంగా ఆ సైజుదే దొరకాలని లేదు. అదే రకం కార్బన్‌లో కాస్త పెద్దది కొని, చదునైన చోట వాటర్ పేపర్ మీద రుద్ది సైజుకి తెచ్చుకోవచ్చు. మన ఊళ్లలో మోటారు వైండింగ్ షాపులవాళ్లు రోజూ చేసే పనే ఇది.

డోమ్: ఇక్కడ నిదానించండి

లైట్ బార్‌లో డోమ్ తప్ప మిగతావన్నీ ఎలాగోలా సంపాదించొచ్చు. మోటారు రీవైండ్ అవుతుంది, గేరు ప్రింటవుతుంది, బేస్‌కి రంగేయొచ్చు. అసలు డోమ్ మాత్రం పోతే పోయినట్టే. అందుకే తక్కినవి చకచకా కానిచ్చినా ఇక్కడికొచ్చేసరికి ఓపిక పట్టాలి. ఓపిక లేకపోతే మాసిన డోమ్‌ని అలాగే ఉంచండి, అది కూడా అందంగానే ఉంటుంది.

మొదట అది దేనితో చేసిందో చూడాలి. పాత డోమ్‌లు అక్రిలిక్ కావచ్చు, పాలికార్బొనేట్ కావచ్చు. అక్రిలిక్‌ని గోరుతో కొడితే ఖణేల్మంటుంది, పాలికార్బొనేట్ మొద్దుగా పలుకుతుంది. తేల్చుకోలేకపోతే రెండింటికీ పడని పనులన్నీ మానుకోండి. అసిటోన్, థిన్నర్, పెట్రోల్, బ్రేక్ క్లీనర్, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ ఏదీ దగ్గరికి రానివ్వకండి. ఇందాక రింగుకి వాడిన ఆల్కహాల్ కూడా ఇక్కడ వద్దు, ఒత్తిడిలో ఉన్న అక్రిలిక్ దానికి బీటలు తీస్తుంది. సబ్బునీళ్లే మందు.

తర్వాత డోమ్‌ని చీకటి గదిలో పట్టుకుని, వెనకనుంచి టార్చి ఏటవాలుగా వేసి తిప్పుతూ చూడండి. చూడాల్సినవి మూడున్నాయి. పైన పట్టిన పసుపు, తెల్లటి మసక. గీతలు. మూడోది అసలైంది, లోపల తళుక్కుమనే సన్నటి వెంట్రుకల్లాంటి బీటలు. గోరు ఆనించి చూడండి. గీత అయితే గోరు తగులుతుంది. గోరు జారిపోయినా టార్చి వెలుగులో మాత్రం తళుక్కుమంటోందంటే అది ప్లాస్టిక్ లోపలి బీట. దాన్ని ఏ పేపరూ, ఏ పాలిషూ తీయలేవు. రుద్దేకొద్దీ ప్లాస్టిక్ పల్చబడి, బీట పైకి తేలి, చివరికి అక్కడే విరుగుతుంది. స్క్రూ రంధ్రాల చుట్టూ ఇవి ఎక్కువ. అలాంటిచోట్ల పేపర్ ఆనించకుండా చుట్టూ పని చేయాలి.

లోపలివైపు నిలువు గాడులు ఉంటే ఆ వైపు పేపర్ పెట్టనే కూడదు. వెలుతురుని పక్కలకు పరచడానికే ఆ గాడులు. వాటి అంచు గుండ్రబడితే డోమ్ మెరుస్తుంది, లైటు మాత్రం మందగిస్తుంది. లోపలివైపు మెత్తటి టూత్‌బ్రష్, సబ్బునీళ్లు చాలు.

ఇక రుద్దడం. డోమ్‌ని తడిగుడ్డ మీద బోర్లించండి. ఒక బకెట్‌లో మంచినీళ్లు, రెండోదాంట్లో పేపర్ కడుక్కునే నీళ్లు. పసుపు బాగా పట్టి ఉంటే 600తో, లేకపోతే 800తో మొదలుపెట్టండి. పేపర్‌ని వేళ్లతో కాకుండా మెత్తటి స్పాంజి ముక్కకు చుట్టి పట్టుకోవాలి. వేళ్లతో పడితే వేళ్ల కింద గాడులు పడతాయి, అవి పాలిష్ అయ్యాక గానీ కనిపించవు. చంటిపిల్లాడి వీపు రుద్దినంత బలం చాలు. పేపర్ కింద నీళ్లు ఎప్పుడూ ఉండాలి. నీళ్లు పాలలా తెల్లబడి, దాంట్లో కాస్త రంగు కూడా వస్తుంది. ఎర్ర డోమ్ అయితే గులాబీ రంగు నీళ్లు చూసి కంగారు పడకండి, రంగు ప్లాస్టిక్ నిండా కలిసి ఉంటుంది కాబట్టి డోమ్ వెలిసిపోదు.

800 అంతా నిలువుగా రుద్దితే 1000 అడ్డంగా రుద్దండి. 1500 మళ్లీ నిలువు. ఇలా దిశ మారుస్తూ పోతే ముందు పేపర్ గీతలు పూర్తిగా పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. ప్రతి పేపర్ తర్వాత డోమ్‌నీ చేతుల్నీ కడుక్కోవాలి, నీళ్లు మార్చాలి. 800 పేపర్‌లోని ఒక్క ఇసుక రేణువు 2000 పేపర్ కింద దూరిందంటే మొదటికొచ్చినట్టే. డోమ్‌ని పూర్తిగా ఆరబెట్టి కిటికీ దగ్గర చూడండి. అంతటా ఒకే రకమైన మసక ఉండాలి. మధ్యలో ఎక్కడైనా మెరిసే చుక్క కనిపిస్తే అది పల్లం, పేపర్ ఇంకా దాన్ని అందుకోలేదని అర్థం. తడిగా ఉన్నప్పుడు చూసి "అద్దంలా వచ్చేసింది" అనుకునేవాళ్లే 1500ని దాటేస్తారు. నీళ్లు గీతలన్నిటినీ దాచేస్తాయి. ఆరాకే తీర్పు.

3000 అయ్యాక పాలిష్. నేను నోవస్ అనే ప్లాస్టిక్ పాలిష్ వాడతాను, ముందు 2 నంబరు, ఆఖరున 1. చేత్తోనే, చిన్నచిన్న చుట్లుగా. డ్రిల్లు బఫ్ ఎందుకొద్దన్నానంటే, అది ఒకేచోట తిరిగి వేడి పుట్టిస్తుంది. అక్రిలిక్ సుమారు 105 డిగ్రీలకే మెత్తబడుతుంది, పాలికార్బొనేట్ సుమారు 147 దగ్గర. బఫ్ కింద ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. కరిగి ముడుచుకున్న చోటు మళ్లీ నునుపు కాదు. చేత్తో రుద్దేటప్పుడు కూడా వేళ్ల వెనకవైపు ఆనించి చూస్తుండండి. వెచ్చగా ఉంటే ఆపి, నీళ్లు తాగి రండి.

మంట చూపించి మెరిపించే పద్ధతి వీడియోల్లో కనిపిస్తుంది. అది అక్రిలిక్ అంచులకు షాపుల్లో చేసేది. పాలికార్బొనేట్‌కి చేస్తే బుడగలు లేస్తాయి. ఇంకొందరు మిథిలీన్ క్లోరైడ్ ఆవిరి పట్టిస్తారు. అద్దంలా వస్తుంది, కాదనను. కానీ ఆ ఆవిరి మూసిన గ్యారేజీలో మనిషి ప్రాణం తీయగలదు. మామూలు వినియోగదారులు దాన్ని వాడకుండా అమెరికా పర్యావరణ సంస్థ 2024లో నిబంధన కూడా తెచ్చింది. హెడ్‌లైట్ కిట్లతో వచ్చే క్లియర్ కోట్ స్ప్రేలలోని సాల్వెంట్ పాత డోమ్‌కి కొత్త బీటలు తెస్తుంది. మరి పైన ఉన్న రక్షణ పొరని రుద్ది తీసేశాం కదా, ఎండ నుంచి ఎలా అంటారా? యూవీ రక్షణ ఉన్న ప్లాస్టిక్ వ్యాక్స్ మూణ్నెల్లకోసారి పూయండి, కారు నీడలో పెట్టండి, కవరు కప్పండి. నా దగ్గర ఇంతకు మించిన పద్ధతి లేదు, ఉండాలని కూడా అనుకోను.

ఎరుపు వెలిసి నారింజ రంగుకి దిగిన డోమ్‌కి రంగేయకండి. పారదర్శకమైన ఎర్ర స్ప్రే పగలు బాగానే ఉంటుంది, రాత్రి లైటు వేస్తే చారలు చారలుగా కనిపిస్తుంది.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. డోమ్ బిగించేటప్పుడు స్క్రూలు ఊడకుండా థ్రెడ్ లాకర్ వేస్తారు. ఆ ద్రవం ప్లాస్టిక్‌కి తగిలితే పగుళ్లు తెస్తుంది. సాయంత్రం బిగించిన డోమ్ తెల్లారేసరికి స్క్రూ చుట్టూ నక్షత్రంలా పగిలి ఉంటే దోషం దానిదే. నైలాన్ లాక్ నట్లు వాడండి. స్క్రూ కింద రబ్బరు వాషర్ పెట్టి, వేళ్లతో తిప్పి ఆగినచోటు నుంచి పావు చుట్టు బిగించండి, అంతకు మించొద్దు. సీలింగ్‌కి సిలికాన్ వాడాల్సి వస్తే న్యూట్రల్ క్యూర్ రకమే. వెనిగర్ వాసన వచ్చేది లోహాల్ని తినేస్తుంది.

బల్బులు, ఎల్‌ఈడీ గొడవ

పాత రొటేటర్లలో (తిరిగే లైట్లలో) ఎక్కువగా వాడింది పార్ 36 సైజు సీల్డ్ బీమ్. ఆ అంకె అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్క, 36 అంటే నాలుగున్నర అంగుళాల వ్యాసం. 4416 నంబరు ల్యాంపు 12.8 వోల్టులు, 30 వాట్లు, సన్నగా దూరం పోయే వెలుగు. సైజు సరిపోతే చాలనుకోకండి. ట్రాక్టర్లకు వాడే 4411 కూడా అదే సైజు, కానీ వెలుగుని వెడల్పుగా పరుస్తుంది. అది పెడితే లైటు తిరుగుతుంది గానీ దెబ్బ కొట్టినట్టు ఫ్లాష్ రాదు. చిన్న విమానాల ల్యాండింగ్ లైటు 4509 కూడా అందులో చక్కగా కూర్చుంటుంది. అది 100 వాట్లు. ఆ వేడికి డోమ్ బలి, పైగా ఆ ల్యాంపు ఆయుష్షు 25 గంటలు. "బ్రైట్‌గా ఉంటుందని" పెట్టేవాళ్లు ఉన్నారు. పెట్టకండి.

హాలోజన్ బల్బుల్ని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి పోతుంది.

ఎల్‌ఈడీ గురించి అడగనివాళ్లుండరు. కరెంటు తక్కువ తింటుంది, నిజమే. అయితే ఎర్ర డోమ్ వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే వెలుగు పేలవంగా వస్తుంది, ఎందుకంటే తెల్ల ఎల్‌ఈడీలో ముదురు ఎరుపు పాలు తక్కువ. నీలం డోమ్‌కి ఇది తిరగబడుతుంది. ఫిలమెంట్ వెలుగులో నీలం తక్కువ, అందుకే పాత నీలం బార్లు ఎప్పుడూ కాస్త డల్‌గానే కనిపిస్తాయి. అది వాటి సహజ గుణం, లోపం కాదు. పెట్టాలనుకుంటే డోమ్ రంగు ఎల్‌ఈడీయే పెట్టాలి. కానీ నెమ్మదిగా ఎరుపెక్కి, నెమ్మదిగా ఆరే ఆ ఫిలమెంట్ వెలుగు లేని ట్విన్‌సోనిక్‌ని నేను ట్విన్‌సోనిక్ అనను.

వైరింగ్

పాత వైర్ల రంగుల్ని నమ్మకండి. మీకంటే ముందు ఎంతమంది చేతులు పెట్టారో ఎవరికి తెలుసు. ఎర్త్ సంగతి మాత్రం జాగ్రత్తగా చూడాలి. చాలా బార్లలో కరెంటు తిరిగొచ్చేది అల్యూమినియం బేస్ గుండానే, అక్కడ తుప్పు పడితే అంతా నీరసం. లైటు వెలుగుతుండగా మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొస రొటేటర్ బాడీ మీద పెట్టండి. అర వోల్టు దాటి చూపిస్తే ఆ జాయింటు విప్పి శుభ్రం చేయండి. ఫిలమెంట్ బల్బుకి ఒక్క వోల్టు తగ్గితే వెలుగులో పావు వంతు దాకా పోతుంది. బల్బులు మార్చి మార్చి విసిగిపోయేవాళ్ల రోగం తరచూ ఇదే.

30 వాట్ల ల్యాంపులు నాలుగుంటే అవే 9 ఆంప్స్ పైచిలుకు లాగుతాయి, మోటార్లు అదనం. 15 ఆంప్స్ ఫ్యూజు బ్యాటరీ దగ్గరే పెట్టండి. స్విచ్ దగ్గర పెడితే మధ్యలో వైరు రాపిడికి షార్ట్ అయినప్పుడు ఆ ఫ్యూజు ఉండీ లేనట్టే. మధ్యలో ఉన్న స్పీకర్‌ని ఇంట్లో స్టీరియోకి కలిపి చూడకండి. అవి సాధారణంగా 11 ఓమ్స్ హారన్ డ్రైవర్లు, సైరన్ ఆంప్లిఫయర్ కోసం చేసినవి. పాటలు వినడానికి పనికిరావు.

పార్టులు వెతకడం

వెతకడానికి ముందు మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: లేబుల్ మీద ఉన్న మోడల్-సిరీస్, డోమ్ లోపలి వైపు అచ్చులోనే పోసిన నంబరు, వెర్నియర్ అనే కొలిచే పరికరంతో తీసుకున్న కొలతలు. ఒకే పేరుతో ఏళ్ల తరబడి తయారైన బార్లలో మధ్యలో స్క్రూ రంధ్రాల చోటు మార్చిన సందర్భాలుంటాయి. "ఇది మీ బార్‌కి ఫిట్ అవుతుంది" అనే అమ్మేవాడి మాట కంటే రంధ్రం మధ్య నుంచి రంధ్రం మధ్యకి మిల్లీమీటర్లలో కొలత నమ్మదగ్గది. ఫొటోలో స్కేలు పెట్టి తీయమనండి. తీయనంటే వదిలేయండి.

ఈబేలో విడి పార్టులు దొరుకుతాయి, ధరలు మండిపోతుంటాయి. నా సలహా ఎప్పుడూ ఒకటే, విడి పార్టు కొనే బదులు పాడైన బార్ మొత్తంగా కొనండి. చిన్న ఊళ్ల ఫైర్ డిపార్టుమెంట్లు, కౌంటీలు పాత సామాను గవ్‌డీల్స్ లాంటి వేలం సైట్లలో పెడతాయి. "లైట్ బార్" అని వెతికితే అందరికీ కనిపించేవే మీకూ కనిపిస్తాయి. "పోలీసు సామాను", "ఫైరింజన్ పార్టులు" అని పెట్టిన గుట్టల ఫొటోల్ని పెద్దవి చేసి చూడండి, మూలన ఒకటి తల వంచుకుని ఉంటుంది. ఎల్‌ఈడీకి మార్చుకునేవాళ్లు పీకి పారేసిన రొటేటర్లు మనకు బంగారం. అలాంటివాళ్లతో స్నేహంగా ఉండండి, తిట్టాలనిపించినా సరే.

డోమ్ కొనేటప్పుడు వెనక టార్చి వేసి ఫొటో అడగండి. మామూలు ఫొటోలో బీటలు కనిపించవు, వాటిని దాచేది కూడా ఆ ఫొటోలే. పంపేటప్పుడు ప్లాస్టిక్ మీద నేరుగా టేపు వేయొద్దని ముందే రాసి చెప్పండి. ఆ జిగురు తీయడానికి వాడే సాల్వెంట్లన్నీ డోమ్‌కి శత్రువులే. జిగురు అంటే వంటనూనె కాస్త రాసి కాసేపు ఉంచి, సబ్బుతో కడిగితే పోతుంది.

కొత్తగా పోసిన నకలు డోమ్‌లు కూడా కొన్ని మోడళ్లకు దొరుకుతాయి. బాగానే ఉంటాయి, కానీ ఒకటే కొని పాతదాని పక్కన పెడితే రెండు ఎరుపులు రెండు రకాలుగా కనిపిస్తాయి. కొంటే జతగా కొనండి. తీసిన పాతదాన్ని దాచండి, ఇంకెవరికో దాని జోడీ కావాల్సి ఉంటుంది.

కారు మీద పెట్టాక

మొదటిసారి అరగంట వెలిగించి, ఆపి, చల్లారాక స్క్రూలన్నీ మరోసారి చూడండి. బ్రష్ దగ్గర సన్నటి నల్లపొడి కనిపిస్తే భయపడక్కర్లేదు, కొత్త బ్రష్ రింగుకి అలవాటుపడుతోంది. కాలిన వాసన వస్తే మాత్రం వెంటనే తీగ పీకేయండి.

రోడ్డు మీద వెలిగించడం మీ పని కాదు. అమెరికాలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో చట్టం. ఎరుపు, నీలం లైట్లు మామూలు మనిషి బండి మీద వెలిగిస్తే చాలాచోట్ల నేరమే, కొన్నిచోట్ల కప్పకుండా బిగించి తిరిగినా ఆపుతారు. మీ రాష్ట్రం వాహనాల చట్టం చదువుకోండి. ప్రదర్శనకి వెళ్లేదాకా బార్ మీద నల్ల కవరు ఉండాలి, ఫ్యూజు జేబులో ఉండాలి. స్విచ్ ఆపితే చాలదు. పక్కసీట్లో కూర్చున్న బంధువు "ఇదేంటి బావా?" అంటూ నొక్కేస్తాడు.

మిగిలిన స్పేర్ డోమ్‌ల్ని అటక మీద పెట్టకండి. అమెరికా ఇళ్ల అటకలు ఎండాకాలం ఓవెన్లే. గుడ్డ సంచిలో వేసి, ఒకదాని మీద ఒకటి ఎక్కించకుండా, ఇంట్లో ఏదో బీరువా అడుగున పెట్టండి. సంచి మీద మోడల్, నంబరు రాయడం మర్చిపోకండి.